ఇంట్లో కచేరీ పెట్టి, వచ్చినవాళ్లను దుడ్లు అడగడం ఎట్ల?

సాయినగర్ టీచరమ్మ (అనంతపురం):

అందరికీ నమస్తే. జూనియర్ కాలేజీలో తెలుగు చెప్తాను. సంగీతంలో నాకు వచ్చింది వినడం ఒక్కటే, కాబట్టి తెలిసినవాళ్లు కాస్త విడమర్చి చెప్పండి.

మా పాప బెంగళూరులో ఉద్యోగం చేస్తుంది. దాని స్నేహితురాలు ఒకమ్మాయి తనే పాట రాసుకొని, తనే బాణీ కట్టుకొని, గిటారు వాయిస్తా పాడుతుంది. కొన్ని తెలుగు, కొన్ని కన్నడం. వాళ్లమ్మది హిందూపురం వైపు. ఏడాదిలో రెండు నెలలు గిటారు వీపుకు తగిలించుకొని ఊళ్లు తిరుగుతుందంట. హాళ్లు కాదు, ఇళ్లు. ఒక ఇంట్లో ముప్పై మంది కూర్చుంటారు, గంటన్నర పాడుతుంది, వాళ్లతోనే తిని, అక్కడే పడుకొని, తెల్లారి ఇంకో ఊరికి బస్సెక్కుతుంది. ఈసారి హైదరాబాదు పోతా దారిలో మన ఊళ్లో ఒక రాత్రి ఆగుతుంది. "మన మిద్దె మీద పెడదాం" అని మా పాప నాకు చెప్పకుండానే మాటిచ్చేసింది. సంక్రాంతి పోయినాక వచ్చే శనివారం.

లలితకళా పరిషత్తులో పెట్టుకోవచ్చు కదా అన్నాను. "అమ్మా, అక్కడ ముప్పై మంది కూర్చుంటే ఖాళీ కుర్చీలకు పాడినట్లుంటుంది" అంది. అదీ నిజమే.

పాట పెట్టించడం నాకు కష్టం కాదు. జంఖానాలు ఉన్నాయి, అద్దె కుర్చీలు దొరుకుతాయి. చిక్కంతా దుడ్ల దగ్గరే. ఆ అమ్మాయి ఫీజు అడగలేదు. వచ్చినవాళ్లు ఇచ్చిందే తనకు. మనిషికి మూడొందలు చెప్పమ్మా అంటుంది మా పాప. నా ఇరవై ఏడేళ్ల కాపురంలో మా గడప దాటి లోపలికొచ్చినవాళ్లకు కాఫీ ఇయ్యకుండా పంపలేదు. అన్నం వేళయితే పళ్లెం పెట్టకుండా పంపలేదు. "రండి రండి, కూర్చోండి" అనే నోటితోనే "మూడొందలు ఇయ్యండి" అని ఎట్ల అనేది? మా కాలేజీలో పనిచేసే ఆయమ్మను పిలవాలని ఉంది. ఆమెను కూడా అడగాల్నా?

మా ఆయనేమో "ఎవర్నీ అడగొద్దు, మనమే పదివేలు కవర్లో పెట్టి ఇద్దాం" అంటాడు. మంచి మాటే. కానీ నాకెందుకో అది పుట్టినరోజు పండగలాగా అయిపోతుందేమోనని. మా వీధిలో వినాయకచవితికి పాటగాళ్లను పిలిపించినారు. వాళ్లు పాడతా ఉంటే జనం పులిహోర కోసం లైనులో నిలబడి మాట్లాడుకుంటా ఉన్నారు. ఎవరో ఇచ్చిన దుడ్లకు ఎవరు చెవి ఒగ్గుతారు?

ఇంకా చిన్నచిన్నవి: మిద్దె మీదా, హాల్లోనా? హాలు పద్నాలుగు బై పద్దెనిమిది, బేతంచెర్ల బండలు, మాట్లాడితే గుహలో మాట్లాడినట్లు ఉంటుంది. తిండి ముందా, తర్వాతా? పోలీసులకు చెప్పాల్నా? అన్నిటికన్నా ముఖ్యం, ఎప్పుడూ వినని పాటలకు మనవాళ్లు గంటన్నర కూర్చుంటారా?


బురుజు పక్కనోడు (కర్నూలు):

అక్కా, నేను రెండేళ్ల కిందట మా ఇంట్లో ఒకటి పెట్టినాను. ఈ అమ్మాయి కాదు, ఇంకొకతను. నేను చేసిన తప్పులు చెప్తాను, అవి చేయకుంటే చాలు.

మొదటి తప్పు దుడ్లదే. నాకూ నీ మాదిరే నోరు రాలేదు. అందుకని పెద్ద తెలివి అనుకొని, మా వీధిలో కిరాణా అంగడాయన దగ్గర క్యూఆర్ కోడు కార్డూ, దాంతోపాటు మాట్లాడే డబ్బా ఉంటుంది కదా, "రూపాయలు అందాయి" అని అరిచేది, అది కూడా రెండు గంటలకు అడిగి తెచ్చుకున్నా. దుడ్లు ఆయన ఖాతాలో పడితే రాత్రికి లెక్క చూసి నాకిస్తానన్నాడు. కిటికీ గట్టు మీద పెట్టినా. పోయేటప్పుడు ఎవరికి తోచింది వాళ్లు వేస్తారులే అని.

మూడో పాట. అతను వాళ్ల నాయన చనిపోయినాక ఇల్లు ఖాళీ చేయడం గురించి రాసుకున్న పాట. గొంతు బాగా తగ్గించి, దాదాపు మాట్లాడినట్లే పాడతా ఉన్నాడు. ఇరవై ఎనిమిది మంది ఊపిరి బిగపట్టి వింటా ఉన్నారు. అప్పుడు వెనక నుంచి ఎవరో, పాపం, మనసు కరిగి, అప్పుడే ఫోను తీసి వేసినారు. కిటికీలో నుంచి డబ్బా: "యాభై రూపాయలు అందాయి!"

అతను పాట ఆపలేదు. ఆపి ఉంటే బాగుండేది, అందరం నవ్వుకొని ఉందుము. కళ్లు మూసుకొని పాడతానే ఉన్నాడు. మా ఆవిడ లేచి పోయి దాన్ని ఆఫ్ చేయబోతే, ఏ బటన్ నొక్కిందో ఏమో, అది మళ్లీ అదే మాట ఇంకా గట్టిగా చెప్పింది. యాభై వేసినాయన ముఖం నేను చూడలేదు, చూడలేకపోయినా. ఆ తర్వాత రెండు నెలలు ఆయన నాకు ఎదురైతే పక్క సందులోకి తిరిగేవాడు.

ఆ కథ అక్కడితో అయిపోలేదు. తెల్లారి అంగడి దగ్గర నలుగురు చేరి "రెడ్డి ఇంట్లో టికెట్టు పెట్టి పాటలు పెట్టినాడంట, దుడ్లు బాగా వచ్చినాయంట" అనుకున్నారు. కాబట్టి కోడు పెడితే పాడే అమ్మాయిదే పెట్టు, నీది కానీ ఇంకొకరిది కానీ వద్దు. దుడ్లు నీ చేతికి తగలనే కూడదు.

అడగడం అంటావా, ఇంటికొచ్చినాక అడగొద్దు. పిలిచేటప్పుడే చెప్పు. వాట్సాప్‌లో పిలుపు పంపుతావు కదా, అందులోనే రాయి: ఈ అమ్మాయికి ఇదే బతుకుతెరువు, మనిషికి ఇంత అనుకుంటున్నాం, కుదరని వాళ్లు ఊరికే రండి. అది చదివి వచ్చినవాడు సిద్ధపడే వస్తాడు. రానివాడు ఏదో ఒక పెళ్లి ఉందని చెప్తాడు. ఇద్దరికీ మర్యాద మిగులుతుంది.

రెండో తప్పు ఫ్యాను. మాది మార్చి నెల, కర్నూలు ఎండ నీకు చెప్పాల్నా. సీలింగు ఫ్యాను కింద గిటారు వాయిస్తే రెక్కలు శబ్దాన్ని కోసి కోసి పంపుతాయి, స్వరం వణికినట్లు వినబడుతుంది. ఫ్యాను ఆపితే జనం వణుకుతారు, కోపంతో. జనవరిలో పెట్టుకుంటున్నావు, అదృష్టవంతురాలివి.

మూడోది తిండి. ముందే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టేసినా. సగం మంది పాట మొదలయ్యేదాకా పళ్లేలతోనే ఉన్నారు, మిగతా సగం నీళ్లకు లేస్తానే ఉన్నారు. పాడే అతనికి మా అమ్మ ప్రేమగా నాలుగు బజ్జీలు తినిపించింది. రెండో పాటకు గొంతు పట్టింది. కాబట్టి ముందు టీ ఒక్కటే. తిండి తర్వాత, అది కూడా నిలబడి తినేది. పాడేవాళ్లకు ఫ్లాస్కులో వేడినీళ్లు.

చివరిది, నీ ముఖ్యమైన ప్రశ్న. కూర్చుంటారా అంటే, కూర్చుంటారు. కాకపోతే సినిమా పాటలు ఉండవని పిలుపులోనే రాయి. నేను రాయలేదు. మా పెదనాయన రెండో పాట కాగానే "బాబూ, ఒక మంచి పాత పాట అందుకో" అన్నాడు. అతను నవ్వి, "పెద్దాయనా, పాతదే పాడతా, ఇది నేను పదేళ్ల కింద రాసింది" అన్నాడు. బయటపడినాం.


ఆరు తీగలు (అనంతపురం):

మేడం, గిటారు నేర్పిస్తాను, కాబట్టి దుడ్ల సంగతి వదిలేసి శబ్దం సంగతి చెప్తాను.

మిద్దె మీద మైకు లేకుండా అంటే గొంతు నాలుగు దిక్కులా పోతుంది. మెట్ల గది గోడ ఉంటుంది కదా పైన, ఆ గోడకు వీపు పెట్టి కూర్చోబెట్టండి. శబ్దం వెనక్కు పోకుండా గోడ ముందుకు తోస్తుంది. జనాన్ని వరసలుగా కాకుండా అర్ధచంద్రంగా, దగ్గరగా, మొదటి వరస జంఖానా మీద, వెనక కుర్చీలు. ముప్పై మందికి మైకే వద్దు.

అదే ఆషాఢమైతే మిద్దె మాట ఎత్తొద్దని చెప్పేవాణ్ణి. మన ఊరి గాలికి పాట కాదు, పాడేవాళ్లే ఎగిరిపోతారు. జనవరిలో గాలి ఉండదు, చలి ఉంటుంది. సాయంత్రం చల్లబడేకొద్దీ ఇనుప తీగ బిగుస్తుంది, శ్రుతి పైకి పాకుతుంది. అందుకని గిటారును పెట్టెలోంచి తీసి అరగంట ముందే మిద్దె మీద పెట్టమనండి. అయినా పాటకూ పాటకూ మధ్య ఆ అమ్మాయి గిటారు చెవులు, అంటే తీగలు బిగించే మరలు, తిప్పుకుంటా ఉంటుంది. అది తప్పు కాదని పక్కవాళ్లకు చెప్పండి. మా మామ ఒకసారి "ఇంకా రిపేరు కాలేదా" అన్నాడు నన్ను.

పగలు వస్తే గిటారును ఎండలో నిలబెట్టిన కారులో వదలొద్దు. లోపలి వేడికి జిగురు మెత్తబడి అతుకులు వదులుతాయి.

హాల్లోనే పెట్టుకోవాల్సి వస్తే రెండు గోడలకు ఎమ్మిగనూరు దుప్పట్లు వేలాడదీయండి. బండల ప్రతిధ్వని సగం తగ్గుతుంది, మిగతా సగం మనుషులు కూర్చుంటే తగ్గుతుంది. ఖాళీ హాల్లో చప్పట్లు కొట్టి చూసి భయపడొద్దు.

కరెంటు పోతే? చిన్న ఆంప్లిఫయరు వాడితే మీ ఇన్వర్టరు ఏ రకమో చూసుకోండి. పాత స్క్వేర్ వేవ్ రకమైతే తుమ్మెద దూరినట్లు గుయ్యిమని ఒకటే మోత. సైన్ వేవ్ అయితే పర్వాలేదు. ఏదీ లేకుండా పాడటమే అన్నిటికన్నా మేలు.

పోలీసుల విషయం: 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం లౌడ్‌స్పీకరు పెట్టాలంటే ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఆరుబయట అసలు పెట్టకూడదు. ఇళ్లున్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు హద్దు. లౌడ్‌స్పీకరే లేదంటే ఆ అనుమతి గొడవ లేదు. ఆరున్నరకు మొదలుపెట్టి ఎనిమిదిన్నరకు ముగించండి. చుట్టుపక్కల నాలుగిళ్లకు ముందురోజు మీరే పోయి చెప్పి రండి. పోలీసుల కన్నా ముందు వచ్చేది వాళ్లే కదా.


కారందోశ (కడప):

అమ్మా, నీకు సిగ్గెందుకు? మన సీమలో పాట ఊరికే విన్నదెప్పుడు? మా చిన్నప్పుడు హరిదాసు కథ రసంలో ఉన్నప్పుడు ఆపేసి ఆరతి పళ్లెం తిప్పించేవాడు. ద్రౌపది చీర సగం లాగినాక ఆపినాడంటే ఇంగ పళ్లెంలో పడకుండా ఉంటాయా! పైగా "ఫలానా రెడ్డిగారు పదకొండు రూపాయలు" అని పేరుతో చదివేవాళ్లు. కర్నూలన్నా, మీ కిటికీలో డబ్బా చేసింది కూడా అదే పని. అప్పుడు గొప్ప, ఇప్పుడు పరువు తక్కువ.

సురభి నాటకాలోళ్లు 1885లో మా జిల్లా సురభి ఊళ్లో మొదలుపెట్టినారు. కుటుంబం కుటుంబమంతా, చంకలో పిల్లలతో సహా, ఊరూరా డేరా వేసి, టికెట్టు పెట్టి ఆడినారు. టికెట్టు కొనుక్కున్నోళ్లు ఎవరూ వాళ్లను తక్కువ చూడలేదు.

నేనొక దారి చెప్తా ఇను. పెండ్లికి పోతే ముయ్యి పెట్టడం మనకు ఎవరన్నా నేర్పినారా? కవర్లో పెట్టి ఇస్తాం, ఎంత పెట్టినామో అక్కడెవరూ చూడరు. అట్లనే చెయ్. గుమ్మం పక్కన ఒక స్టూలు, దాని మీద ఖాళీ కవర్ల కట్ట, పక్కన మూత ఉండే బుట్ట. కవరు మీద పేరు రాయొద్దని చెప్పు. బుట్ట దగ్గర నువ్వు నిలబడొద్దు, మీ ఆయనా నిలబడొద్దు. పొరుగింటామెనో, మీ కాలేజీ ఆయమ్మనో కూర్చోబెట్టు. ఆయమ్మ అక్కడ కూర్చుంటే ఆమె ఇచ్చిందా లేదా అనే మాటే రాదు, పని చేసే మనిషి కదా.

తిండి విషయంలో మాత్రం కర్నూలన్నతో నాకు పేచీ. నిలబడి తినేదేంది? పాట బాగా లేకపోయినా ఓర్చుకుంటారు గానీ, కూర్చోబెట్టి పెట్టలేదని ఏండ్ల తరబడి చెప్పుకుంటారు. రాగిసంగటి, ఊరిమిండి ఉంటే చాలు. పాట తర్వాతే, ఒప్పుకుంటా.


సాయినగర్ టీచరమ్మ:

కడప తమ్ముడూ, ఇన్ని పెండ్లిండ్లకు ముయ్యి పెట్టినదాన్ని, నాకు తట్టలేదు చూడు. కవర్ల పద్ధతే చేస్తాను. అయితే ముయ్యి అంటే రేపు తిరిగి పెట్టాల్సింది కదా, ఈ అమ్మాయి మనకు ఏమి తిరిగి పెడుతుంది అని మా ఆయన వెక్కిరింపు. పాట ముందే పెట్టేస్తుంది కదా, మనమే బాకీ అన్నాను. నోరు మూసుకున్నాడు.


సాయినగర్ టీచరమ్మ (నాలుగు వారాల తర్వాత):

అందరికీ చెప్తానన్నాను, ఆలస్యమయింది. ప్రీఫైనల్ పేపర్లు దిద్దతా ఉన్నాను.

ముప్పై నాలుగు మంది వచ్చినారు. మిద్దె మీదే పెట్టినాం, మెట్ల గది గోడకు ఆనుకొని. ఆరు తీగలు గారూ, గిటారు అరగంట ముందే పెట్టినాం, అయినా మీరు చెప్పినట్లే ప్రతి పాటకూ తిప్పుకుంది. నేనే లేచి "అది రిపేరు కాదు" అని ముందే చెప్పేసినా.

ఏడుంపావుకు పక్కింటి మోటరు మొదలయింది. నాలుగిళ్లకు చెప్పినాను గానీ, నీళ్లు పట్టుకునే వేళ అని నాకు గుర్తే రాలేదు. వాళ్ల ట్యాంకు నిండి గోడ వెంట ధారగా కారతా ఉంది, ఈ అమ్మాయి ఆగి ఆ చప్పుడు వింటా కూర్చుంది. ఆ సారు పరిగెత్తుకుంటా కిందికి పోయి మోటరు ఆపి, మళ్లీ పైకొచ్చి, తన పిట్టగోడ దగ్గరే నిలబడి చివరిదాకా విన్నాడు. ఇటు రమ్మంటే రాలేదు. లుంగీలో ఉన్నాడు.

కూర్చుంటారా అని అడిగినా కదా. ఆ అమ్మాయి పాటల్లో వాళ్ల అవ్వ గురించి ఒకటుంది. అవ్వ శెనక్కాయలు వలవడం, మూట కట్టుకొని బస్సెక్కడం. పాట అయినాక చప్పట్లు కొట్టినాం. బుట్ట దగ్గర కూర్చున్న మా కాలేజీ ఆయమ్మ మాత్రం "పాపా, ఒక మాట" అంది. "మీ అవ్వ వలిచింది విత్తనం కాయలా, తినే కాయలా?" ఆ అమ్మాయికి తెలియదు. "విత్తనానికైతే మిషన్‌కు వేయరు, పప్పు పగులుతుంది. చేత్తోనే వలవాల. నీ పాటలో అవ్వ చేతులు మెత్తగా ఉన్నాయన్నావు. సీజన్లో మా బొటనేలి గోరు సగానికి అరిగిపోతుంది" అని తన వేలు చూపించింది. ఆ అమ్మాయి గిటారు పక్కన పెట్టి, లేచొచ్చి, ఆ వేలు పట్టుకొని చూసింది. తర్వాత తన ఎడమచేతి వేళ్ల కొసలు చూపించింది. తీగలకు కాయలు కాసి, చెక్క మాదిరి ఉన్నాయి. ఆయమ్మ ఒకసారి గోటితో తట్టి చూసి, "ఊఁ" అంది. అంతే. అమ్మాయి వెనక్కు పోయి నోటుపుస్తకంలో ఏదో రాసుకొని తర్వాతి పాట అందుకుంది.

కవర్లు ఇరవై అయిదు వచ్చినాయి, జంటలు ఒక్కటే వేసినారు. మేము విప్పలేదు, ఆ అమ్మాయే మా వంటింట్లో కూర్చొని విప్పింది. మూడొందలవి పన్నెండు, అయిదొందల పదహార్లు ఆరు, నూటపదహార్లు అయిదు, వెయ్యిన్నూటపదహార్లు ఒకటి, ఒకటి ఖాళీ. మొత్తం 8,392. "ఈ పదహారేంది ఆంటీ?" అని అడిగింది. చదివింపులంటే అంతేనమ్మా అన్నాను. చిల్లర నాణేలన్నీ ఒక బొరుగుల సంచిలో పోసుకొని గిటారు పెట్టెలో పెట్టుకుంది. ఖాళీ కవరు ఎవరిదో అని మా ఆయన ఆలోచిస్తా ఉంటే కసురుకున్నాను. తెల్లారి ఆ అమ్మాయి కర్నూలు బస్సెక్కిన గంటకు పక్కింటామె వచ్చి మడిచిన కవరొకటి నా చేతిలో పెట్టి, "మా ఆయన ఇమ్మన్నాడు" అని నిలబడకుండా పోయింది. అదీ నూటపదహారే. పంపించేసినా.

సంగటి కూర్చోబెట్టే పెట్టినాను, కడప తమ్ముడూ.

ఇప్పుడు ఇంకొక ప్రశ్న. ఆ అమ్మాయి ఒకటి మరిచిపోయి పోయింది. గిటారు మెడకు బిగించే క్లిప్పు, కాపో అంటారంట. మూడు రోజులు వెతికితే వంటింట్లో దొరికింది. మా ఆయన దాన్ని బొరుగుల ప్యాకెట్టు మూతికి బిగించి పెట్టినాడు, మామూలు క్లిప్పు కన్నా బాగా పట్టుకుంటాదంట. కొరియరులో పంపితే విరుగుతుందా?


ఆరు తీగలు:

విరగదు మేడం, పంపండి. లోపల రబ్బరుకు అంటిన బొరుగుల పొడి మాత్రం తుడవండి, తీగల మీద జారుతుంది.